‘రైట్’ అంటే ఒప్పుకున్నట్టా?

పోయినవారం మనం విజిల్ గారిని సంఘం ఆఫీసు గుమ్మంలో, ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టించి వదిలేశాం. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని వారమంతా అలా నిలబెట్టడం పాపం. ముందు ఆయన్ని లోపలికి పంపించేద్దాం.

కొత్తగా ఎక్కిన పాఠకుల కోసం రెండు ముక్కలు. విజిల్ గారు బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన మెడలో విజిల్ మాత్రం ఇంకా రిటైరు కాలేదు. మీటింగులో గోల ఎక్కువైతే ఇప్పటికీ దాన్నే ఊదుతారు కనుక ఆ పేరు స్థిరపడిపోయింది. విశ్రాంత బస్సు కార్మికుల సంఘానికి ఆయన అధ్యక్షుడు. ప్రభుత్వం పెన్షన్ల పద్ధతి మార్చడానికి ఒక బిల్లు తయారుచేసి, జనం మాట కూడా విన్నామనిపించుకోవడానికి ఒక కమిటీ వేసింది. ఇప్పటికే రిటైరైన వాళ్ళ పెన్షన్ చెక్కుచెదరదు. ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళకి మాత్రం ‘వాటా పథకం’ వస్తుంది. నెలనెలా జీతంలో కొంత కోసి మార్కెట్లో పెడతారు, చివరికి అది ఎంత పెరిగితే అంతే పెన్షన్. పెరగకపోతే ఏమిటన్న ప్రశ్నకి బిల్లులో జవాబు లేదు.

ఆ కమిటీ ముందు విజిల్ గారు చేసిన ఘనకార్యం ఏమిటంటే, బిల్లు చదువుతున్న ఆఫీసరు మంచినీళ్ళ కోసం ఆగాడు. ఆగినవాడు ఎంతకీ కదల్లేదు. ఆగిన బండిని చూస్తే విజిల్ గారికి ఒళ్ళు మండుతుంది. అలవాటుకొద్దీ ముందున్న బల్లని అరచేత్తో రెండుసార్లు బాది, “రైట్, రైట్!” అన్నారు. పోనివ్వవయ్యా, తర్వాత పేజీ చదువు, అని ఆయన ఉద్దేశం. కానీ చట్టసభలో బల్ల చరిస్తే మెచ్చుకున్నట్టు. కమిటీలో కూర్చున్న అధికార పక్షం సభ్యుడికి ఆ భాషే వచ్చు. మర్నాడు పేపర్లో ‘సంఘం అధ్యక్షుడు బల్ల చరిచి మరీ ఆమోదం’ అని పెద్దక్షరాలతో పడింది.

విజిల్ గారి కూతురు బస్సు డ్రైవరు. తండ్రి బల్ల చరిచి మరీ ఒప్పుకున్న పథకం సరిగ్గా వచ్చి పడేది ఆమె నెత్తి మీదే. ఆ పేపరు చదివిన పొద్దుట నుంచి ఆమె తండ్రితో మాట్లాడలేదు.

ఇక గుమ్మం దగ్గరికి వద్దాం. లోపల అందరూ కలిసి తంతారేమోనన్న బెంగతో, రాజీనామా మాటని నాలుక చివర పెట్టుకుని, విజిల్ గారు రెండో కాలు కూడా లోపల పెట్టారు.

చప్పట్లు మోగాయి.

కుట్టుపని దుకాణం మీద మేడగది అది. కుర్చీలు కొనే స్తోమత లేక, తుక్కుకి వెళ్ళబోయిన బస్సు సీట్లు తెచ్చి రెండు వరసలుగా వేసుకున్నారు. మధ్యలో నడవడానికి దారి వదిలారు. కిటికీ పక్క సీటు కోసం ఇప్పటికీ పోట్లాడుకుంటారు. అలాంటి మనుషులు సీట్లు వదిలి నిలబడి మరీ చప్పట్లు కొడుతున్నారు.

“కూర్చో బావా. మంచి పని చేశావు,” అన్నాడు ఫస్ట్‌గేరు. విజిల్ గారు కండక్టరుగా ఉన్న బస్సుకి ఉద్యోగమంతా డ్రైవరుగా ఉన్నవాడు, ఇప్పుడు సంఘానికి కార్యదర్శి. బస్సు ఎంత వేగంగా తోలినా మాట మాత్రం ఫస్ట్ గేరు దాటి ఎప్పుడూ పోలేదు కనుక ఆ పేరు.

“నేనేం చేశాను బావా? ఒప్పుకోలేదు. పోనీమన్నానంతే!”

“పొరపాటున అన్నా... సరైన మాటే అన్నావు. మన పెన్షన్... మనకొస్తుంది. సర్కారుతో పెట్టుకుంటే... ఉన్నదీ ఊడుతుంది.”

“మరి ఇప్పుడు స్టీరింగు పట్టుకున్నవాళ్ళ సంగతి?”

“వాళ్ళకీ నోళ్ళున్నాయి బావా. మనమెందుకు... వాళ్ళ హారన్ మోగించడం?”

బిల్లుకి అడ్డు చెప్పొద్దన్నవాళ్ళు చేతులెత్తమన్నారు. పైకి లేచిన చేతులతో గదిలో ఫ్యాను గాలి కూడా ఆడలేదు. తిడతారనుకుని వెళ్ళిన మనిషికి మెచ్చుకోలు ఎదురైతే సంతోషించాలి. విజిల్ గారికి మాత్రం ఎవరో చెంప మీద కొట్టినట్టే అనిపించింది. తిట్టినవాడికైతే తిరిగి చెప్పుకోవచ్చు. చప్పట్లు కొట్టినవాడికి ఏం చెప్పుకుంటారు?

ఇంటికొస్తే కూతురు భోజనానికి కూర్చుని ఉంది.

“అమ్మా, ఉప్పు ఇటు ఇమ్మను.”

“ఎవర్నే?”

“అదిగో, ఆ కిటికీ పక్క ప్రయాణికుణ్ణి.”

భార్యకి నవ్వొచ్చింది కానీ దాన్ని కొంగుతో అదిమిపెట్టింది. “మీ ఇద్దరి మధ్యా టెలిఫోను తీగలా వేలాడలేక చస్తున్నాను. మీరైనా నోరు విప్పండి,” అంది భర్తతో.

“రైట్ అంటే పోనీమని. అది దానికి తెలీదా? నిన్నా మొన్నా బస్సెక్కిందా?” అన్నారు విజిల్ గారు, ఆయన కూడా భార్యతోనే.

“నాకు తెలుసమ్మా. కమిటీకి తెలీదు కదా! మన మాట వాళ్ళ గదిలోకి పట్టుకెళ్ళి వాడితే వాళ్ళ అర్థమే చెల్లుతుంది. అన్నేళ్ళు ఆ మాట మీద బతికిన మనిషికి, దాన్ని ఎక్కడ వాడాలో తెలియొద్దా?”

విజిల్ గారు ఉప్పుగిన్నె జరిపి, తన కంచంలో అన్నం కలుపుకున్నారు. కూతురు కోప్పడిందని కాదు ఆయన బాధ. కూతురు చెప్పింది నిజం. ఆ మాట వెనక్కి తీసుకుని తీరాలని ఆ కంచం ముందే అనుకున్నారు.

అవకాశం వెతుక్కుంటూ వచ్చింది. కమిటీ వాళ్ళు మర్నాడు డిపో చూడ్డానికి వచ్చి, మామూలు ప్రయాణికుల్లాగా ఒక రూటు మొత్తం తిరుగుతామన్నారు. రిటైరైన వాళ్ళ సంఘం తరఫున విజిల్ గారినీ ఫస్ట్‌గేరునీ రమ్మన్నారు. డిపో మేనేజరు, పెద్దవాళ్ళు ఎక్కే బండి కనుక, అందరికంటే నిదానంగా తోలే డ్రైవర్ని వేశాడు. ఆ డ్రైవరు ఎవరో మీరు ఊహించే ఉంటారు. వచ్చిన చిక్కల్లా కండక్టరుతోనే. బిల్లుకి వ్యతిరేకంగా నినాదాలిచ్చి ఇచ్చి పాపం అతని గొంతు మూగబోయింది. టిక్కెట్లు కొట్టగలడు కానీ, కేక వెయ్యలేడు.

“ఈ ఒక్క ట్రిప్పుకీ గొంతు మీరు అరువివ్వండి,” అన్నాడు మేనేజరు విజిల్ గారితో. ఆయన చెయ్యి అప్పటికే విజిల్ మీదికి వెళ్ళిపోయింది.

కమిటీ ఛైర్మన్ అర్థశాస్త్రం పాఠాలు చెప్పి చెప్పి తల నెరిసిన ప్రొఫెసరు. తలుపు పక్క సీట్లో కూర్చుని, చిన్నపిల్లాడి ఉత్సాహంతో అన్నీ చూస్తున్నారు. ఆయన వెనక అధికార పక్షం సభ్యుడు, చొక్కా నలగకుండా అంచు మీద కూర్చున్నారు. అటుపక్క ప్రతిపక్షం సభ్యురాలు. బస్సులో మామూలు జనం కూడా నిండుగానే ఉన్నారు.

“ఒక విజిల్ ఊదితే ఆగు, రెండు ఊదితే పో,” అని విజిల్ గారు ఛైర్మన్‌కి పాఠం చెప్పారు. “విజిల్ లేకపోతే రేకు మీద రెండు దెబ్బలు, ‘రైట్ రైట్’. ఆపాలంటే ‘హోల్డాన్’. డ్రైవరుకి వెనకేం జరుగుతోందో మొత్తం కనపడదు కదండీ. కండక్టరు మాటే డ్రైవరుకి కళ్ళు. ఆరోజు నేను బల్ల కొట్టింది కూడా...”

“రికార్డైన మాట వెనక్కి రాదండీ,” అని అధికార పక్షం అడ్డం వచ్చేశారు. “బల్ల చరిచారు, రైట్ అన్నారు. రైట్ అంటే సరే అని. చదువుకున్నవాళ్ళం, మాకు తెలీదా?”

“భయపెట్టి ఒప్పించారని చెప్పండి, మేం చూసుకుంటాం,” అని ప్రతిపక్షం ఆవిడ అటునుంచి గొంతు తగ్గించి అన్నారు. ఆ తగ్గించిన గొంతు వెనక సీటు దాకా వినపడింది.

వెనక సీట్లోంచి ఫస్ట్‌గేరు దగ్గాడు. “అమ్మా... ఈ వాటా పథకం... మొదట తేబోయింది మీ ప్రభుత్వమే కదా?”

ఆవిడ కిటికీలోంచి బయటికి చూశారు.

“అప్పుడు దాన్ని ఆపమని... ఇదిగో ఈ సభ్యులు గారు రోడ్డు మీద పడుకున్నారు. సరిగ్గా... నా బస్సు ముందే. ఎంత హారన్ కొట్టినా... లేవలేదు సార్ మీరు.”

బస్సంతా గొల్లుమంది. అధికార పక్షం కూడా నవ్వక తప్పలేదు. ఏ ఎండకా గొడుగు పట్టేవాళ్ళని మనం ఊరికే తిడతాం కానీ, పట్టుకున్న గొడుగు ఒకటే అయి, దాన్నే చేతులు మార్చుకుంటుంటే ఇక తిట్టడానికి ఏముంది?

ఛైర్మన్ మాత్రం విజిల్ గారి వైపు తిరిగారు. “మీరు చెప్పేది నిజమే కావచ్చు. నేను నమ్ముతున్నాను కూడా. కానీ నా నమ్మకం రికార్డుకి చాలదు. మీ మాటకి మీ అర్థం ఉందని మీరు తప్ప ఇంకెవరైనా చెప్పాలి.”

“మా అమ్మాయి చెబుతుంది.”

“ఆవిడ మీ అమ్మాయి కదండీ. అందుకే చెల్లదు.”

డ్రైవరు సీటు ముందున్న అద్దంలో కూతురి కళ్ళు ఒక్కసారి ఇటు తిరిగి, మళ్ళీ రోడ్డు మీదికి వెళ్ళిపోయాయి.

బజారు స్టాపులో బస్సు ఆగింది. ఒకావిడ కుట్టుమిషను ఎక్కించబోయింది. కాళ్ళతో తొక్కే రకం, ఇనుప కాళ్ళది. దాన్ని తలుపులోంచి తీసుకురావడానికి సగం బస్సు సలహా ఇచ్చింది, మిగతా సగం చెయ్యి వేసింది. ఛైర్మన్ స్వయంగా లేచి ఒక కాలు పట్టుకున్నారు, మిషను కాలే. చివరికి ఎలాగో ఎక్కింది. ఆవిడ దాని పక్కనే నిలబడి పమిటతో చెమట తుడుచుకుంది.

అందరూ ఎక్కారు. బస్సు కదల్లేదు.

ఎందుకంటే విజిల్ గారు అక్కడ లేరు. అంటే ఉన్నారు, బస్సులోనే వెనక సీటు దగ్గర ఫస్ట్‌గేరుతో వాదనలో తలమునకలుగా ఉన్నారు. “చేతులెత్తితే సరిపోయిందా బావా? మన పెన్షన్ కోసం సమ్మె చేసి ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్ళకి అందులో పైసా వచ్చిందా? మనకొచ్చింది. వాళ్ళూ ఇలాగే మనకెందుకులే అనుకుంటే?” ఫస్ట్‌గేరు జవాబు మొదలుపెట్టాడు. అతని జవాబు మొదలైతే ముగియడానికి సమయం పడుతుందని మీకు తెలుసు.

గొంతుపోయిన కండక్టరు ఏదో అనబోయాడు. పిల్లి తుమ్మినంత కూడా వినపడలేదు.

ఎండ నెత్తిన కొడుతోంది. అధికార పక్షం సభ్యుడు మధ్యాహ్నానికి ఇంకెక్కడో రిబ్బను కత్తిరించాలి. “ఏమ్మా, పోనీ,” అన్నారు.

డ్రైవరు తల తిప్పలేదు.

“పోనీమంటుంటే! అందరూ ఎక్కారుగా!”

ఇంజను గుర్రుమంటోంది కానీ చక్రం తిరగలేదు. “వినపడదా?” అన్నారు ఆయన, గొంతు పెంచి. ప్రయాణికులు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని నోళ్ళు మూసుకున్నారు. కుట్టుమిషను ఆవిడకి మాత్రం జాలేసింది.

“అలా అంటే పోదు బాబూ,” అంది. “పోనీమనే పద్ధతి వేరే ఉంది.”

సభ్యుడికి చిర్రెత్తింది. లేచి నిలబడి, కిటికీ కింద రేకు మీద రెండుసార్లు ఠపాఠపా బాది, “రైట్! రైట్!” అని అరిచారు.

కూతురు అద్దంలో తలుపు చూసుకుంది, గేరు వేసింది, బస్సు కదిలింది. అప్పుడు ఆమె పెదవి చివర చిన్న వంపు కనపడిందని కుట్టుమిషను ఆవిడ తర్వాత ఊరంతా చెప్పింది. నాకైతే నిజమేననిపిస్తుంది.

“ఒక్క నిమిషం,” అన్నారు ఛైర్మన్. ఆయన కళ్ళజోడు సవరించుకుని వెనక్కి తిరిగారు. “సభ్యులు గారూ, తమరు ఇప్పుడు దేన్ని ఆమోదించారు?”

“ఆమోదించడమేంటండీ?”

“రేకు చరిచి మరీ రైట్ అన్నారు కదా.”

“బండి పోనీమన్నానండీ! అంతే! దానికీ ఆమోదానికీ ఏమిటి సంబంధం?”

మాట నోరు దాటాక ఆయనకి తెలిసింది. ముందుగా ప్రతిపక్షం ఆవిడ నవ్వారు, ఆ నవ్వు సీటు సీటుకీ పాకి, చివరికి కుట్టుమిషను మీద చెయ్యేసి నిలబడ్డావిడ కూర్చుండిపోయేదాకా వచ్చింది. వెనక నుంచి పరిగెత్తుకొచ్చిన విజిల్ గారికి ఏం జరిగిందో చెప్పడానికి అందరూ ఒక్కసారే నోళ్ళు తెరిచారు. గొంతుపోయిన కండక్టరు చేతులతో మొత్తం నటించి చూపించాడు. అందరికంటే అదే బాగా అర్థమైంది.

అధికార పక్షం ఎర్రబడ్డ మొహంతో కూర్చుని, కాసేపటికి తనే చెయ్యెత్తేశారు. “సరేనండీ. నేనే సాక్ష్యం చెప్పినట్టైంది. ఆ ఆమోదం మాట కొట్టేయండి.”

“కొట్టేశాను,” అన్నారు ఛైర్మన్. “రైట్ అంటే పోనీమని. కమిటీ ఈరోజు నేర్చుకున్న పాఠం ఇదే. సంఘం ఆమోదం ఇవ్వలేదు.”

విజిల్ గారికి కళ్ళు చెమర్చాయి. దాచుకోలేదు కూడా. అద్దంలోకి చూశారు. కూతురు కళ్ళు ఈసారి వెంటనే తిప్పుకోలేదు.

కథ ఇక్కడ సుఖాంతమైతే నాకూ హాయిగా ఉండేది. కానీ ఛైర్మన్ గారు ప్రొఫెసరు. ప్రొఫెసర్లు ఒక ప్రశ్న కొట్టేసేది ఇంకోటి అడగడానికే.

“ఆమోదం లేదని తేలింది. మరి మీ సంఘం అభిప్రాయం ఏమిటి? ఈ బస్సు ఆఖరి స్టాపు చేరేసరికి మా విచారణ ముగుస్తుంది. మీ పేరు ఎదురుగా ఖాళీ ఉంటే, మీరు మౌనంగా ఉన్నారని రాస్తాం. ఖజానా మాట కూడా వినండి, నేను దాచను. ఒకప్పుడు ఉద్యోగాల్లోకి ఎక్కేవాళ్ళు ఎక్కువ, పెన్షన్ మీద కూర్చున్నవాళ్ళు తక్కువ. ఇప్పుడు ఎక్కేవాళ్ళు తగ్గారు, కూర్చున్నవాళ్ళు దిగడం లేదు.”

“మమ్మల్ని... దిగమంటారా సార్?” అన్నాడు ఫస్ట్‌గేరు.

ఛైర్మన్ కూడా పకపకా నవ్వారు. నవ్వి, ప్రశ్నని మాత్రం అలాగే పట్టుకున్నారు. “మీరు కూర్చోండి. మీ సీట్లు ఎవరూ అడగడం లేదు. ఇప్పుడు ఎక్కేవాళ్ళకి సీటు ఎలాగన్నదే ప్రశ్న. అధ్యక్షులు చెప్పాలి.”

ఆఖరి స్టాపుకి ముందు స్టాపు వచ్చింది. బస్సు ఆగింది. దిగేవాళ్ళు దిగారు, ఎక్కేవాళ్ళు ఎక్కారు. కుట్టుమిషను కూడా దిగింది. ఆవిడ మాత్రం కిందే నిలబడి కిటికీలోంచి చూస్తోంది.

ఫస్ట్‌గేరు నెమ్మదిగా నడిచొచ్చి విజిల్ గారి పక్కన నిలబడ్డాడు. “బావా,” అన్నాడు, ఈసారి నవ్వకుండా. “నిన్న ఎత్తిన చేతులు... గుర్తున్నాయిగా? నువ్వు మాట్లాడేది... నీ ఒక్కడి నోటితో కాదు.”

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. సంఘం మాట చెబితే తన చేత్తో తన కూతురి ముసలితనాన్ని మార్కెట్టుకి తోలినట్టు. కూతురి మాట చెబితే తనని నమ్మి అధ్యక్షుణ్ణి చేసినవాళ్ళని నడిరోడ్డు మీద దింపేసినట్టు. ఏమీ చెప్పకపోతే మౌనంగా ఉన్నారని రాస్తారు, మౌనం అంటే కమిటీ భాషలో ఏమిటో ఆయనకి ఇప్పుడు బాగానే తెలుసు.

బస్సు నిలబడే ఉంది. తలుపు ఖాళీ. ఇంజను ఎదురుచూస్తోంది. ఛైర్మన్ కలం పట్టుకుని ఉన్నారు.

అప్పుడు డ్రైవరు సీట్లో కూతురు పూర్తిగా వెనక్కి తిరిగింది. పేపరు వచ్చిన పొద్దుట నుంచి మూసిన నోరు తెరిచింది. అమ్మ మధ్యలో లేదు, అద్దం మధ్యలో లేదు.

“నాన్నా,” అంది. “రైటా? హోల్డానా?”

విజిల్ గారు మెడలో విజిల్ తీసి పెదవుల మధ్య పెట్టుకున్నారు. ఒక విజిల్ అంటే ఆగు, రెండంటే పో.

ఒకటి ఊదారు.

విజిల్ గారు ఛైర్మన్ కళ్ళలోకి చూస్తూ, గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నారు. అది రెండో విజిల్ కోసమో, మాట కోసమో, పక్కనే ఉన్న ఫస్ట్‌గేరుకి కూడా తెలియలేదు.